వెర్నా బండి పలక

నార్వుడ్‌లో మా కార్ల ఫ్యాక్టరీ వాళ్ళెవరైనా పోతే కబురు ముందు పాస్టరుకి వెళ్ళేది, ఆ వెంటనే డెల్మర్ స్టాంపర్‌కి వెళ్ళేది. పాస్టరు ప్రార్థన చదవాలి, డెల్మర్ పలక చదవాలి. రెండింట్లో ఏది తప్పినా మా వాళ్ళ దృష్టిలో ఆ మనిషిని సరిగ్గా సాగనంపినట్టు కాదు.

పలక అంటే పెద్ద వస్తువేమీ కాదు. కారు బానెట్ ఎత్తితే ఇంజను వెనక రేకుగోడకి రెండు రివెట్లతో బిగించి ఉంటుంది, అరచేతిలో ఇమిడే రేకు ముక్క. దాని మీద గుద్దిన అక్షరాలు చూసి బండి ఏ ఊళ్ళో పుట్టిందో, ఏ నెల ఏ వారంలో పుట్టిందో, ఏ రంగుతో బయటికొచ్చిందో చెప్పొచ్చు. మేం చేసే కమారో కార్లు ఆ రోజుల్లో రెండు ఊళ్ళలో తయారయ్యేవి. ఎన్ ఓ ఆర్ అని ఉంటే నార్వుడ్, అంటే మా చేతిది. ఎల్ ఓ ఎస్ అని ఉంటే లాస్ ఏంజెలెస్, కాలిఫోర్నియా వాళ్ళ చేతిది. రెంటినీ పక్కపక్కన నిలబెడితే చేసినవాడు కూడా పోల్చుకోలేడు. పలక చూడాల్సిందే.

ఆ పలకలు బిగించిన చెయ్యి డెల్మర్‌ది. కెంటకీ కొండల్లో తండ్రి బొగ్గుగనిలో దగ్గి దగ్గి చచ్చిపోతే, నేను మాత్రం గనిలోకి దిగనని నది దాటి ఒహాయో వచ్చేసిన కుర్రాడు. చెయ్యి స్థిరం, మాట కటువు. ఫోర్‌మన్ అతన్ని పలకల దగ్గర నిలబెట్టాడు, ఫ్యాక్టరీ మూసేదాకా అక్కడే నిలబడ్డాడు. వెర్నా పైఅంతస్తులో కుట్టుగదిలో సీటు తొడుగులు కుట్టేది. ఆమెదీ కెంటకీయే. భోజనాల వేళ ఇద్దరూ ఒకే మెట్టు మీద కూచుని మొక్కజొన్న రొట్టె పంచుకోవడంతో మొదలై, చర్చిలో పెళ్ళిదాకా వెళ్ళింది. పిల్లలు కలగలేదు. దాని గురించి వాళ్ళు ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కారు, ఎవరైనా ఎత్తితే డెల్మర్ లేచి వెళ్ళిపోయేవాడు.

ఎనభై ఏడులో ఫ్యాక్టరీ మూశారు. ఆ తరవాత గోడలు కూడా కూల్చేసి దుకాణాలు కట్టుకున్నారు. మా వాళ్ళకి తాము చేసినదని చూపించుకోడానికి రోడ్ల మీద తిరిగే పాత బండ్లు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడే ఈ ఆచారం మొదలైంది. మా ఫ్యాక్టరీ మనిషి పోతే శవం బండి వెనక మొదటి స్థానంలో నార్వుడ్‌లో పుట్టిన బండే నడవాలి. బయల్దేరే ముందు అందరి ఎదుటా బానెట్ ఎత్తుతారు. డెల్మర్ వంగి, గుడ్డతో పలక తుడిచి, గట్టిగా చదువుతాడు: ఊరు, నెల, వారం, రంగు. "నార్వుడ్" అన్న మాట వినబడగానే జనమంతా "మనదే!" అంటారు. అప్పుడే బానెట్ దించుతారు. ఆ "మనదే" అనడంలో అందరికంటే ముందు లేచే గొంతు వెర్నాది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గంట కొట్టినట్టుండేది.

డెల్మర్ నిప్పులాంటి మనిషని పేరు. నిప్పన్నాక పక్కవాళ్ళకి కాలుతుంది కూడా, పొగిడేవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు. పలక మార్చిన బండి తెస్తే రివెట్టు తల చూసి పట్టేసేవాడు. "ఈ రివెట్టు నేను కొట్టింది కాదు. ఎవడు పీకాడు, ఎవడు పెట్టాడు చెప్పు" అని పదిమందిలో నిలదీసేవాడు. "పలక అబద్ధం చెప్పదు" అనేది అతనికి ఊతపదమైపోయింది.

అలాంటివాడు ఎస్టిల్ శవం దగ్గర ఏం చేస్తాడో మనం ఊహించుకోవచ్చు. ఎస్టిల్ పెయింటు గదిలో పనిచేసినవాడు. అతని భార్య జెల్లా కుట్టుగదిలో వెర్నా పక్క మిషను మీద కుట్టేది. ఎస్టిల్ పోయినప్పుడు కొడుకు పక్క రాష్ట్రం ఇండియానా అంతా గాలించి ఎర్రటి కమారో ఒకటి తెచ్చాడు. నిగనిగలాడే బండి. జెల్లా నల్లగౌను వేసుకుని దాని పక్కన నిలబడి, ఏడుస్తూనే కాస్త గర్వంగా కూడా ఉంది. డెల్మర్ బానెట్ ఎత్తి, వంగి, తుడిచి, చదివాడు.

"ఎల్ ఓ ఎస్. లాస్ ఏంజెలెస్. మనది కాదు."

జెల్లా అతని చెయ్యి పట్టుకుంది. "డెల్మర్, ఈ ఒక్కసారికి పోనీ. పిల్లాడు ఎంత తిరిగి తెచ్చాడో తెలుసా? ఎస్టిల్‌కేం తెలుస్తుంది చెప్పు."

"ఎస్టిల్‌కి తెలీదు, పలకకి తెలుసు. ఈ బండి వరస చివరికి పోనీండి."

పోయింది. శవం బండి వెనక పాస్టరు గారి మామూలు కారు నడిచింది. జెల్లా దారి పొడుగునా తల ఎత్తలేదు. ఆ సాయంత్రం వెర్నా కుండెడు బీన్స్ గింజలు ఉడకబెట్టి, మీద గుడ్డ కప్పి జెల్లా ఇంటికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చింది. డెల్మర్ సోఫాలోంచే, "నా మీద ఏడ్చిందా?" అన్నాడు.

"నీ మీద కాదులే. భోంచెయ్యి" అంది వెర్నా.

డెల్మర్ ఆ పూట భోజనం చెయ్యలేదు. రూలు పట్టుకున్నందుకు కాదు, ఇంకో కారణానికి. అతని సొంత షెడ్డులో, గుడ్డ ముసుగు కప్పుకుని, వెర్నా బండి ఉంది. దాని పలక మీద ఉన్నవీ ఎల్ ఓ ఎస్ అక్షరాలే.

ఆ కథ వినాలి. డెబ్భైల్లో వెర్నా మణికట్లు పాడైపోయాయి. ఏళ్ళ తరబడి మందపాటి రెగ్జిను మిషను కింద తోసి తోసి, చివరికి జాకెట్టు గుండీ పెట్టుకోవడం కూడా రాని స్థితికి వచ్చింది. పని మానిపించారు. ఇంటికి వచ్చేసిన రోజున వంటింట్లో కూచుని, "ఎన్ని సీట్లు కుట్టానయ్యా! ఒక్కదాని మీద కూడా నేను కూచోలేదు" అని ఏడ్చింది. ఎప్పుడూ ఏడవని మనిషి. డెల్మర్‌కి ఏం చెయ్యాలో తోచక, "నీ సీటు నీకు తెచ్చిపెడతా. అరవై ఎనిమిదిలో మనం చేసిన ఆకుపచ్చ బండి, నీ కుట్టు, నా రివెట్టు. మాట" అన్నాడు.

మాట ఇవ్వడం తేలికే. మా ఒహాయోలో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మా బండ్లని అడుగు నుంచి తినేస్తుంది. డెల్మర్ ఎక్కడెక్కడో తిరిగాడు. దొరికిన నార్వుడ్ బండి అల్లా కింద నేల కనబడేంత చిల్లులు పడి ఉంది. ఎండిపోయిన కాలిఫోర్నియా నుంచి వచ్చినవే చెక్కుచెదరకుండా ఉండేవి. రెండేళ్ళు చూసి చూసి, డేటన్‌లో ఒక ఆకుపచ్చ బండి బానెట్ ఎత్తి, ఎల్ ఓ ఎస్ చూసి, దించేసి, రోడ్డు దాటి వెళ్ళిపోయి, మళ్ళీ తిరిగొచ్చి కొనేశాడు. ఇంటి ముందు ఆపి హారను కొట్టాడు. వెర్నా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"కూచో. నీ కుట్టే అది."

ఆమె తలుపు తీసి కూచుంది. చెయ్యి సీటు అంచు కిందకి పోనిచ్చి, మడత వెంట వేళ్ళు నడిపింది. అదే మడత వెంట మళ్ళీ వెనక్కి నడిపింది. తరవాత అతని వంక చూసి నవ్వి, "అవునయ్యా, నాదే" అంది.

ఆ మాట మీద వాళ్ళు ముప్ఫై ఏళ్ళు బతికారు. ఎండాకాలం ఆదివారాలు ఆ బండిలో నది ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు. ఫ్యాక్టరీ వాళ్ళు కలిసినప్పుడల్లా డెల్మర్ "నీ కుట్టు నీకు తెచ్చిపెడతానన్నాను, తెచ్చానా లేదా?" అని అందరి ముందూ అడిగేవాడు, వెర్నా "తెచ్చాడు, తెచ్చాడు" అనేది. బానెట్ మాత్రం ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు. వెర్నా తమ్ముడు బర్ల్ వేళాకోళగాడు. "అందరి బండ్లకీ పలక చదువుతావు, మా అక్క బండికి పరదా ఏంటి బావా?" అనేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇంజను వేడిగా ఉందిరా, చెయ్యి కాల్చుకుంటావ్" అనేవాడు డెల్మర్. బండి పొద్దుట్నించీ కదిలి ఉండేది కాదు.

నిరుడు శీతాకాలం వెర్నా గుండె బలహీనపడి మంచాన పడింది. డాక్టరు ఇంటికి పంపేశాడంటే అర్థం అందరికీ తెలుసు. పొద్దునపూట డెల్మర్ పందిమాంసం, ఓట్స్ కలిపి చేసే గెట్టా ముక్కలు వేయించి తెస్తే వాసన చూసి, "నువ్వు తిను, నేను చూస్తా" అనేది. అలాంటి ఒక పొద్దున్నే అంది:

"ఏమయ్యా, నా వెనక నా బండే రావాలి."

అతను పళ్ళెం పక్కన పెట్టాడు. "ఇప్పుడా మాటలెందుకు?"

"నువ్వే చదవాలి. ఇంకెవరితోనూ చదివించొద్దు."

చెప్పేయడానికి అంతకంటే మంచి గడియ రాదని అతనికి తెలుసు. మంచం అంచున కూచున్నాడు. "వెర్నా, ఆ బండి..."

"తెలుసులే. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. బర్ల్‌తో చెప్పు, పెట్టిస్తాడు." వంకర తిరిగిన వేళ్ళతో అతని మణికట్టు పట్టుకుంది. "నువ్వు చదువుతావా లేదా, అది చెప్పు."

"చదువుతా."

"అయితే సరే" అని కళ్ళు మూసుకుంది. ఫిబ్రవరి దాటలేదు.

శవాన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్ ముందు మంచు తడిసి బురదైపోయి ఉంది. బర్ల్ కొత్త బ్యాటరీ వేయించి, బండి తుడిచి, శవం బండి వెనక తెచ్చి నిలబెట్టాడు. ఆకుపచ్చ రంగు ఆ బూడిద పొద్దులో ఒక్కటే కళగా ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు మిగిలినంతమంది వచ్చారు. కర్రలతో వచ్చారు, ఆక్సిజన్ గొట్టాలతో వచ్చారు. జెల్లా కూడా వచ్చింది. ముందు వరసలో, బానెట్‌కి ఎదురుగా నిలబడింది.

డెల్మర్ ముందు రోజంతా ఒకటే ఆలోచించాడు. చదివేది తను. పక్కన నిలబడి చూసే కళ్ళు ఎవరికీ లేవు, అందరివీ శుక్లాలు పట్టిన కళ్ళే. ఎన్ ఓ ఆర్ అంటే అయిపోతుంది. ఆ మాట పలకడానికే నిశ్చయించుకుని వచ్చాడు. బానెట్ ఎత్తాడు. దాని స్ప్రింగు ఎప్పుడో పోయింది, ఒక చెయ్యి అడ్డం పెట్టి పట్టుకోవాలి. వంగాడు. తుడిచాడు. నోట్లోకి నార్వుడ్ అన్న మాట వచ్చింది కూడా.

తలెత్తితే జెల్లా కనబడింది. ఆమె అతన్నే చూస్తోంది. ఎస్టిల్‌కేం తెలుస్తుంది చెప్పు అన్న గొంతు చెవిలో మోగింది. ఊరందరికీ ఒక రూలు, నా పెళ్ళానికి ఒక రూలా? ఇన్నాళ్ళు దాచింది చాలదా, శవం ముందు కూడా అబద్ధమా? వెర్నా, ఇప్పుడైనా నీకు నిజం చెబుతాను అనుకున్నాడు. పాపం, అలాగే అనుకున్నాడు.

"ఎల్ ఓ ఎస్" అన్నాడు. ఆ తరవాత, "లాస్ ఏంజెలెస్."

బర్ల్ గబగబా దగ్గరికొచ్చాడు. "బావా, కళ్ళు మసగ్గా ఉన్నట్టున్నాయి. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూడు."

"సరిగ్గానే చూశాను."

"మళ్ళీ చూడు బావా. నీకు దణ్ణం పెడతా."

"ఎన్నిసార్లు చూసినా అదేరా. కొన్న రోజునే తెలుసు నాకు. మీ అక్కకి అబద్ధం చెప్పాను." ఈసారి అందరికీ వినబడేలా అన్నాడు. "రూలు అందరికీ ఒకటే. బండి చివరికి పోతుంది."

బానెట్ దించాడు. నిజం చెప్పేశాక గుండె తేలికైంది అతనికి. ఎస్టిల్ బాకీ తీరిందనుకున్నాడు. జెల్లా మొహంలో ఏదో కాస్త చల్లబడటం కనబడుతుందని చూశాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

"మొగుడివి, శవం వెనకే ఉండాలి నువ్వు! చివర్నేంటి?" అని బర్ల్ కేకలేశాడు. డెల్మర్ వినలేదు. తన బండితోనే వస్తానన్నాడు. శవం బండి కదిలింది, వెనక పాస్టరు కారు, వెనక అందరూ. వెర్నా బండి అందరికీ చివర. డెల్మర్ స్టార్టు చెయ్యబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. జెల్లా ఎక్కి కూచుంది.

రైలు గేటు దగ్గర ముందు బండ్లన్నీ దాటిపోయాయి, వీళ్ళు రాగానే గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది, పొడుగైనది. ఇంజను ఆపేశాడు డెల్మర్.

"ఎస్టిల్ రోజున నేను చేసిందానికి..." అని మొదలుపెట్టాడు.

"ఎస్టిల్ మాట తీయకు." జెల్లా ఏడవడంలేదు, అంతకంటే ఘోరంగా ఉంది ఆమె గొంతు. "వెర్నాకి తెలుసు డెల్మర్."

"ఏం తెలుసు?"

జెల్లా చెయ్యి సీటు అంచు కిందకి పోనిచ్చింది. "ఇక్కడ వేలు పెట్టు. మా గదిలో కుట్టు అయిపోయేచోట మిషను మూడుసార్లు వెనక్కి తిప్పేవాళ్ళం, ఊడకుండా. ప్రతిదానికీ. వేలికి ముడిలా తగిలేది. ఇక్కడుందా? లేదు. నువ్వు బండి తెచ్చిన రోజున, కూచున్న క్షణంలో తెలిసిపోయింది దానికి."

రైలు పోతోంది. డెల్మర్ వేలు ఆ మడత వెంట అటూ ఇటూ నడిచింది. నున్నగా ఉంది.

"మరి అడగలేదేం? ఇన్నేళ్ళూ?"

"మా ఎస్టిల్‌ని మట్టి చేసిన సాయంత్రం బీన్స్ పట్టుకొచ్చి నాకు చెప్పింది. 'నాదీ లాస్ బండే జెల్లా, ఏడవకు' అంది. ఎందుకే అడగలేదు అంటే, 'ఆయన ఆ కథ అందరికీ ఎంత సంబరంగా చెప్పుకుంటాడో చూశావుగా, ఆయన నోటిముందు కూడు ఎలా లాక్కోను? నా కోసం అబద్ధమాడింది ఆయన బతుకులో ఆ ఒక్కసారే' అంది."

డెల్మర్ స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

"పోయిన నెల చూడ్డానికి వెళితే ఇంకో మాట చెప్పింది. 'నా వెనక నా బండే నడవాలని చెప్పాను. పలక ఆయన్నే చదవమన్నాను. నా కోసం ఇంకొక్కసారి అబద్ధం చదువుతాడు, చూస్తూ ఉండు. అది వింటూ వెళ్ళిపోవాలని ఉంది. నువ్వు మాత్రం నోరెత్తకు జెల్లా, ఎస్టిల్ సంగతి మనసులో పెట్టుకోకు, ఆయన్ని క్షమించు' అని నా చేత ఒట్టు వేయించుకుంది." జెల్లా అతని వైపు తిరిగింది. "నీ ఎదురుగా ఎందుకు నిలబడ్డాననుకున్నావు? అందరికంటే ముందు 'మనదే' అందామని. వెర్నా లేదుగా, మొదలుపెట్టడానికి ఎవరో ఒకరుండాలిగా!"

రైలు అయిపోయింది. గేటు లేచింది. వెనక ఎవరో హారను కొట్టారు, ఇంకా కొట్టారు. డెల్మర్ కదలలేదు. చివరికి జెల్లాయే అతని భుజం తట్టి, "పద. మన కోసం వెర్నాని ఆపి ఉంచారు" అంది.

సమాధుల దగ్గర అందరూ అతని కోసం ఆగి ఉన్నారు. పాస్టరు చదివాడు. దించారు. బర్ల్ మొహం తిప్పుకునే మట్టి వేశాడు. తరవాత చర్చి కింది గదిలో భోజనాలకి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జెల్లా చలికి తట్టుకోలేక బర్ల్ బండిలో వెళ్ళింది, వెళ్ళేముందు ఏదో అనబోయి ఊరుకుంది.

డెల్మర్ బండిని దారి మీంచి తడిసిన గడ్డిలోకి దించి, కొత్త మట్టి దాకా తెచ్చాడు. అలా బండి దించడం అక్కడ కూడని పని. దిగి, బానెట్ ఎత్తి, భుజం మీద ఆనించుకున్నాడు. జేబులోంచి గుడ్డ తీసి, పొద్దున తుడిచిన పలకనే మళ్ళీ తుడిచాడు. వంగాడు.

"ఎన్ ఓ ఆర్" అని గట్టిగా చదివాడు. "నార్వుడ్, ఒహాయో. ఏప్రిల్, రెండో వారం. ఆకుపచ్చ. సీటు కుట్టింది వెర్నా స్టాంపర్."

చదివి, అలవాటు కొద్దీ ఆగాడు. నార్వుడ్ అని చదివాక "మనదే" అన్న మాట వినబడందే ఏ రోజూ అతను బానెట్ దించలేదు. భుజం నొప్పి పెట్టేదాకా, ఆ తరవాత కూడా, ఎత్తే పట్టుకుని నిలబడ్డాడు.